ఆగ్నేయ మూల సుడి

జనవరి 18

మా ఆయన హృషీకేశ్ వాళ్ల ట్రస్టు ఆఫీసులో ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా రాహుకాలం, యమగండం అచ్చేసి ఉన్నాయి. సముద్ర ప్రవాహాలు లెక్కగట్టే మనిషికి ఇంతకన్నా తగిన డైరీ దొరకదు. ఆయనకు రాసే అలవాటు లేదు, నాకు చెప్పుకునే మనిషి లేదు. కాబట్టి ఇది నాది.

ఇవాళ మా ప్రాజెక్టు పెద్ద ప్రేమానందం సారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. "పర్మనెంటు పోస్టు ఒకటి వచ్చిండాది ఉదయలక్ష్మీ. మార్చిలో ఇంటర్వ్యూ. నీకు సుడి ఉండాది గదా, ఇంకేం గావాల?" అన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతున్నాను. అయినా నాకు పోస్టుల మీద యావ లేదు. కనిపెట్టినదానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి, అంతే. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలోనే ఇంటర్వ్యూకు ఏ చీర కట్టాలో తేల్చుకున్నాను. నగరిలో మా నాయన మరమగ్గం మీద నేసిన ఆకుపచ్చది.

జనవరి 19

ఆదివారం. మామయ్య దర్బారు.

మామయ్య వేంకటాచలపతి అదే ట్రస్టులో రిటైరైనప్పటి నుంచి వాస్తు చెబుతున్నాడు. డబ్బు తీసుకోడు. అడిగేదాకా ఆగడు కూడా. ఇవాళ పాకాల నుంచి దూరపు బంధువులు వచ్చారు. నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, "మా కోడలు. సముద్రంలో సుడి కనిపెట్టింది. పేపర్లో పడింది" అన్నాడు. ఎట్లా కనిపెట్టినావమ్మా అని వాళ్లు అడిగారు.

ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. నాయుడుపేట దాటి పోతే తీరంలో మాకు రెండు రాడార్ స్టేషన్లు ఉన్నాయి, దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి. ఒక్కోచోట ఒక స్తంభం. సముద్రం మీదికి రేడియో తరంగం పంపిస్తే అలలకు తగిలి వెనక్కి వస్తుంది. నీరు ఎంత వేగంగా కదులుతోందో అదే చెబుతుంది గానీ, తను ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పదు. అందుకని స్తంభం మీద మూడు ఆంటెన్నాలు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో బలంతో వినిపిస్తుంది. ఆ తేడాను పట్టుకుని దిక్కు తేల్చే లెక్క ఒకటుంది, దాని పేరు మ్యూజిక్. ఆ లెక్క నడిపేది నేను. రెండు స్టేషన్ల దిక్కులూ కలిపితే ప్రవాహాల పటం వస్తుంది. ఆ పటంలో దక్షిణపు స్టేషన్‌కు ఎదురుగా నీరు గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. అదే సుడి.

ఆ లెక్కలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఏదడిగినా తెలియదని చెప్పదు. ఏదో ఒక దిక్కు, గట్టిగా చెబుతుంది. ఇది వాళ్లకు చెప్పలేదు. మామయ్య తనను అన్నాననుకుంటాడు.

"ఈయమ్మ చెప్పదుగానీ, అసలు సంగతి నేను చెప్తా వినండి," అని మామయ్య అందుకున్నాడు. "పోయినేడు రథసప్తమి అయినాక నన్ను ఆడికి తీసకపోయింది. ఆ స్థలం దిక్కులు సూసి నేను..."

ఇక్కడికి వచ్చేసరికి నేను కాఫీ మిషతో వంటింట్లోకి వెళ్లిపోతాను. ఏడాదిగా ఈ కథ ఇంతవరకే విన్నాను. ఆయన చూపు పడ్డాకే సుడి పుట్టిందని ముగుస్తుందని ఊహించడానికి ఏ లెక్కా అక్కర్లేదు.

గొప్పలు చెప్పుకుంటే చెప్పుకోనీ. పెళ్లయిన మొదటి ఆరేళ్లు ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉండగానే అత్తయ్యతో "ఆ అమ్మాయిని కాఫీ తెమ్మను" అనేవాడు. కొడుకు మగ్గాల ఇంటి పిల్లను చేసుకొచ్చాడని కోపం. సుడి పేపర్లో పడిన రోజు మొదటిసారి "ఉదయమ్మా" అని పిలిచాడు. ఆ పిలుపు కోసం నేనేమీ ఎదురుచూడలేదు. పిలిచాక మాత్రం వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

జనవరి 23

నందిత అని పీహెచ్‌డీ అమ్మాయి కొత్తగా చేరింది. ఇవాళ నా కుర్చీ పక్కన నిలబడి, "అక్కా, దక్షిణం స్టేషన్ ప్రవాహాలు కొన్ని నేల మీద పడతా ఉండాయి" అంది.

తెలుసు. సముద్రంలో ఉండాల్సిన నీరు వేరుశనగ చేలల్లో పారుతూ ఉంటుంది. "ఏడాదిగా పడతానే ఉండాయి. నేల మీద పడినవి తీసేసే ప్రోగ్రాం రాసిపెట్టినాను, నడిపించు" అన్నాను.

"తీసేస్తే సరే. ఎందుకు పడతా ఉండాయి?"

"సిగ్నల్‌లో గోల ఉంటాది."

"గోలయితే అన్ని పక్కలా ఉండాల గదక్కా. ఉత్తరం పక్క సూడు, ఏమీ లేదు. ఖాళీ."

తెలివైన పిల్లే, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇట్లాంటివాళ్లు పరిశోధనలో పైకి రారు.

ఫిబ్రవరి 1

ఉత్తరం వైపు ఖాళీ గురించి ఆలోచించకూడదు. ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది.

ఫిబ్రవరి 4

రథసప్తమి. తిరుపతి అంతా కొండ మీదే ఉంది. ఆఫీసుకు నడిచి వెళ్లాను. సుడికి ఏడాది నిండబోతోంది.

ఇంటర్వ్యూ కమిటీ నుంచి మెయిల్. ఆంటెన్నాలను పడవతో కొలిచిన తాజా వివరాలు పంపమన్నారు. అంటే చిన్న ట్రాన్స్‌మిటర్ పడవలో పెట్టుకుని, స్తంభానికి ఎదురుగా సముద్రంలో ఈ కొస నుంచి ఆ కొసకు అర్ధచంద్రంలా తిరిగి రావాలి. పడవ ఏ దిక్కున ఉందో మనకు తెలుసు కాబట్టి, ఆ దిక్కును ఆంటెన్నాలు ఎట్లా వింటున్నాయో తేలుతుంది. ఏడాదికోసారి చెయ్యాలని నియమం. పోయినేడు నాకు జ్వరం. అంతకుముందు తుపాను. అసలు కారణం, నాకు పడవ పడదు. ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా వాంతులు. సముద్రం మీద బతికే మనిషి ఈ మాట బయటికి చెప్పుకోలేదు.

స్తంభం పాతినప్పటి కొలతలు ఉన్నాయి. స్తంభం నడిచిపోయిందా ఏమన్నానా. అవే పంపుతాను.

ఫిబ్రవరి 9

మామయ్య వాళ్ల పెన్షనర్ల సంఘంలో నాకు సన్మానం. శాలువా కప్పారు, పళ్ల బుట్ట ఇచ్చారు, వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. మామయ్య మైకు పట్టుకున్నాడు. వేదిక మీద వంటిల్లు ఉండదు. మొదటిసారి కథ మొత్తం విన్నాను.

"ఆ స్టేషన్లో మిషన్లు ఊరకే కాలిపోతా ఉండె. కరెంటు పెట్టె మార్చడం, మళ్ళా కాలడం, ఇదే పని. మా కోడలు ఏసీ గదిలో కంప్యూటర్ సూసుకుంటా ఉంటే, నేను స్థలమంతా తిరిగినాను. స్తంభం మొదట్లో ఒక బాణం గుర్తు ఉండాది. అది ఆగ్నేయానికి తిరిగి ఉండాది. ఆగ్నేయమంటే అగ్ని మూల. అగ్నికి మొగం పెట్టి నిలబెడితే కాలక ఏం చేస్తాది? వాచ్‌మన్ మునిరత్నాన్ని పిలిచి, బోల్టులు వదులు చేయించి, స్తంభాన్ని సరిగ్గా తూర్పుకు తిప్పించినాను. టెంకాయ కొట్టినాము. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఒక్క మిషను కాలలేదు. ఆ నెలలోనే మా కోడలికి సుడి కనబడింది."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఏం వింటున్నానో తెలిసేలోపలే చేతులు కొట్టేశాయి.

ఫిబ్రవరి 10

మిషన్లు కాలకపోవడానికి కారణం అదే నెలలో కరెంటు వాళ్లు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. కాకి వాలింది, తాటిపండు పడింది. ఈ ముక్క స్పష్టంగా రాసిపెట్టుకోవాలి.

మామయ్య తిప్పితే ఏ నాలుగు డిగ్రీలో తిప్పి ఉంటాడు. పెంచి చెప్పడం ఆయనకు అలవాటు. మేము పెట్టిన చోటి నుంచి తూర్పుకు అంటే ముప్పై పైచిలుకు డిగ్రీలు. అంత తిప్పితే నాకు తెలియకుండా ఉంటుందా? అంత తిప్పితే దక్షిణం నుంచి వచ్చేవి నేల మీద పడాలి. ఉత్తరాన ఖాళీ రావాలి.

తెలియకుండా ఉంటుందా.

ఫిబ్రవరి 12

దక్షిణం స్టేషన్‌కు వెళ్లాను. మునిరత్నం గేటు తీసి నేరుగా స్తంభం దగ్గరికే తీసుకెళ్లాడు. "సారు పెట్టినట్టే పెట్టుకోనుండాను మేడమ్. గాలివానొచ్చినా ఇంచి కదలనీలేదు" అన్నాడు. స్తంభం మొదట్లో బాణానికి పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. ఫోనులో దిక్సూచి చూశాను. మామయ్య పెంచి చెప్పలేదు. తూర్పంటే తూర్పే.

ఈ ఏడాదిలో ఇక్కడికి చాలాసార్లు వచ్చాను. స్తంభం నిలబడి ఉందా లేదా అని గదిలో నుంచే చూశాను. ఎటు చూస్తోందో చూడలేదు. దిక్కులు కనుక్కోవడం నా ఉద్యోగం.

కొలవడానికి మాట్లాడుకున్న పడవ జాలరి ధనశేఖర్‌ది. సుడి దగ్గరికి పోవాలంటే బాడుగ ఎక్కువ అవుతుందన్నాడు.

"నువ్వు సుడిని సూసినావా ఎప్పుడైనా?" అని అడిగాను.

"సూడకపోతే? పోయిన నెల నా వల దాంట్లోనే గదా పోయింది. మా బామ్మర్ది ఇంజను చెడింది గూడా సుడి వల్లనే."

"అంతకుముందు వలలు పోలేదా?"

"పోతా ఉండె. ఎందుకు పోతాయో తెలీదు. మీరు పేపర్లో ఏసినాకనే తెలిసింది మేడమ్."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట. నేను ఈనిందని చెప్పాను, వీళ్లు తాడు కూడా తెచ్చుకున్నారు. అర్ధచంద్రం పొడవునా వాంతులు చేసుకున్నాను. సుడి ఉండాల్సిన చోట నీరు చాలా మర్యాదగా ఉంది.

ఫిబ్రవరి 14

కొత్త కొలతలతో పటం గీశాను. నేల మీద ఒక్క ప్రవాహం కూడా పడలేదు. ఉత్తరాన ఖాళీ నిండిపోయింది. నీరు తీరం వెంట తిన్నగా ఉత్తరానికి పోతోంది, ఈ కాలంలో పోవాల్సినట్టే. సుడి లేదు. పాత నెలలన్నీ తీసి వెదికాను. ఎప్పుడూ లేదు.

ఏడాదిలో ప్రవాహం అటు మారి ఇటు మారినా సుడి మాత్రం చోటు మారలేదని, అదే దాని విశేషమని వ్యాసంలో రాశాను. నిజమే, స్తంభం మారలేదు కదా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగ నాకు శాలువా కప్పించి, మైకు పెట్టి మరీ చెబితే గానీ నేను పట్టలేదు.

ప్రేమానందం సారుకు చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "తొందరేముండాదమ్మా. ఇంటర్వ్యూ అయినాక సరిచూసుకుందాం. సైన్సులో సరిచూసుకోవడం అనేది ఎప్పుడూ ఉంటాది" అన్నాడు.

నాకూ సబబే అనిపించింది. ఒక్క కొలతతో ఏదీ తేలదు. ఇంకోసారి కొలవాలి. సుడి ఉందని చెప్పడానికి ఒక్కసారి కూడా కొలవలేదన్న సంగతి ఇక్కడ అనవసరం.

ఫిబ్రవరి 19

మామయ్య నా ఇంటర్వ్యూకు వేళ చూశాడు. పది దాటాక గది గుమ్మం దాటమన్నాడు. తూర్పు ముఖంగా కూర్చోమన్నాడు.

ఫిబ్రవరి 27

శివరాత్రి జాగారం వల్ల ఆఫీసులో సగం మంది లేరు. పొద్దున్నే, సముద్రంలో తప్పిపోయినవాళ్లను గాలించేవాళ్ల దగ్గర నుంచి ఫోను. ధనశేఖర్ బామ్మర్ది పడవ ఇంజను ఆగిపోయి నిన్నటి నుంచి కనబడటం లేదు. ఇద్దరున్నారు. నీటి వెంట ఎటు కొట్టుకుపోయి ఉంటారో మా పటం పంపమన్నారు.

పటాలు రెండున్నాయి. పాతదాని ప్రకారం పడవ సుడిలో తిరుగుతూ అక్కడక్కడే ఉండాలి. కొత్తదాని ప్రకారం తిన్నగా ఉత్తరానికి పోయి ఉండాలి. నందిత నా మొహం వైపు చూసి, "అక్కా, ఏది పంపించాల?" అంది.

సారుకు ఫోను చేశాను. "పాతదే పంపించు. ఏడాదిగా వాళ్ల దగ్గరుండేది అదే. ఇప్పుడు మారిస్తే ఎందుకు మార్చినారంటారు" అన్నాడు.

"ఇద్దరు మనుషులుండారు సార్."

"నేను వద్దనలేదే. నీ బాధ్యత మీద పంపించుకో."

కొత్తది పంపించాను. సుడి లేదని కింద ఒక వాక్యం కూడా రాశాను. ధైర్యం చేశానని రాసుకోవాలని ఉంది గానీ, అది భయం. పాత పటం పంపించి, వాళ్లు దొరక్కపోతే, ధనశేఖర్ ఎదురుపడితే ఎటు చూడాలన్న భయం.

సాయంత్రం దాకా కబురు లేదు. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 28

దొరికారు. ఉత్తరాన, కొత్త పటం చెప్పిన చోటికి కాస్త అవతల. ఎండకు మాడిపోయారు గానీ బాగున్నారు.

ధనశేఖర్ ఫోనులో ఏడ్చాడు. "సుడి మింగకుండా మీరే కాపాడినారు మేడమ్" అన్నాడు.

"సుడి లేదు ధనశేఖర్. ఎప్పుడూ లేదు."

"లేకుండా మీరే చేసినారు మేడమ్."

పేపర్లో ఇట్లా వేశారు: "సుడిలో చిక్కిన జాలర్లను కాపాడిన తిరుపతి శాస్త్రవేత్త." నేను రాసిన వాక్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. మామయ్య పేపరు నాలుగు కాపీలు కొన్నాడు. ప్రేమానందం సారు మిఠాయి పంచాడు. ఇక పోస్టు నాదే అన్నారు అందరూ. నోరు మూసుకుని ఉంటే చాలు, నాదే.

మార్చి 10

ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. పది దాటాకే గుమ్మం దాటాను, వాళ్లు పిలిచింది అప్పుడే. కుర్చీ తూర్పు ముఖంగానే వేసి ఉంది. వేళ మంచిదే.

"పేపర్లో చూశాం. ఆ సుడి గురించి చెప్పండి" అన్నాడు ఛైర్మన్. మూల కూర్చున్న ప్రేమానందం సారు నా వైపు చూడకుండా మజ్జిగ గ్లాసు వైపు చూస్తున్నాడు. పెద్ద జవాబు ఒకటి బట్టీ పట్టుకుని వెళ్లాను. అది సుడి ఉన్న జవాబు. నోరు తెరిస్తే, బామ్మర్దిని సుడి మింగలేదని ఏడ్చిన ధనశేఖర్ గొంతు వినిపించింది.

"సుడి లేదండీ" అన్నాను. స్తంభం తిరిగి ఉన్న సంగతి, నేల మీద పడ్డవి తీసేసిన సంగతి, పడవతో కొలవని సంగతి, అన్నీ చెప్పాను.

"ఎవరు తిప్పారు?"

"స్టేషన్ బాధ్యత నాదండీ."

కమిటీలో ఒకాయన తన ఉపన్యాసాల్లో ఏడాదిగా నా సుడిని చూపిస్తున్నాడట. "పూర్తిగా లేదా? కొంచెం కూడా లేదా?" అని బేరమాడినట్టు అడిగాడు. కొంచెం కూడా లేదన్నాను.

ఛైర్మన్ కళ్లజోడు తీసి, "అయితే మీరు కనిపెట్టిందేమిటమ్మా?" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మార్చి 12

పోస్టుకు తగినవాళ్లు ఎవరూ రాలేదట. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. "నిజం చెప్పేదానికి గూడా ఒక టైము ఉంటాది గదమ్మా" అన్నాడు సారు, పాపం ప్రేమగానే.

బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పోస్టుల మీద యావ లేదని జనవరిలో రాసుకున్నాను. ఉండింది. చాలా ఉండింది.

మార్చి 13

"పోస్టు రాలేదని చెప్పు, చాలు. స్తంభం మాట నాయన దగ్గర ఎందుకు?" అన్నాడు హృషీకేశ్. ఆయన మాట వినాలనే అనుకున్నాను. కానీ ఆదివారం వస్తుంది, ఎవరో వస్తారు, మామయ్య మళ్ళీ మొదలుపెడతాడు. నేను మళ్ళీ వంటింట్లోకి పోవాలి. చచ్చేదాకా పోతూనే ఉండాలి.

మామయ్య హాల్లో పేపరు చదువుతున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పేశాను. "మామయ్యా, సముద్రంలో సుడి లేదు. స్తంభం తిరిగినందువల్ల ఉన్నట్టు కనబడింది."

పేపరు మడిచాడు. అత్తయ్య వంటింటి గడప మీదే ఆగిపోయింది.

"నేను తిప్పినందువల్లనా?"

"మీరు తిప్పినారు. నేను సూసుకోలేదు. ఉద్యోగం నాది."

"పోస్టు దానివల్లనే పోయిందా?"

"సుడి లేదని నేను చెప్పినందువల్ల పోయింది."

"నా పేరు చెప్పినావా ఆడ?"

"లేదు మామయ్యా."

మడిచిన పేపరును ఇంకో మడత పెట్టాడు. అయిపోయింది, ఇక రేపటి నుంచి అత్తయ్య ద్వారా కాఫీ అడుగుతాడనుకున్నాను. పోస్టు పోయినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

"బాణాన్ని మళ్ళా ఆగ్నేయానికే తిప్పుతారా?" అన్నాడు చివరికి.

"రేపు తిప్పిస్తాము."

"మిషన్లు కాలతాయి."

"కాలవు మామయ్యా. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఉండాది."

"సరే" అని పేపరు తెరిచాడు. నేను లోపలి నుంచి చూస్తున్నంతసేపూ పేజీ తిప్పలేదు.

మార్చి 16

ఆదివారం. మామయ్య పాత సహోద్యోగి వెంకటరమణ శ్రీకాళహస్తి నుంచి వచ్చాడు. మామయ్య నన్ను పిలవలేదు. వంటింట్లోనే ఉన్నాను గానీ, ఈసారి తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"మీ కోడలి సుడి ఎట్లుండాదప్పా?"

"సుడి లేదు. లేదని మా కోడలే తేల్చింది."

"అదేంది, ఉండాదని గదా శాలువా కప్పితిమి."

"ఉండేదాన్ని ఉండాదని ఎవురైనా చెప్తారు. ఊరంతా ఉండాదనేదాన్ని, పోస్టు పోయినా సరేనని, లేదని చెప్పేదానికి గుండె గావాల. శాలువా కావాలంటే తీసకపో." ఆ తర్వాత కాస్త గొంతు పెంచాడు. "ఉదయమ్మా, వెంకటరమణకు కాఫీ తే."

వాస్తు మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. ఛైర్మన్‌కు చెప్పలేకపోయిన జవాబు మామయ్య చెప్పాడు. నేను స్టవ్ ముందు కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. కాఫీ చల్లారిపోతే మళ్ళీ కాచాను.

మార్చి 19

పొద్దున్నే నందిత ఫోను. దక్షిణం స్టేషన్లో కరెంటు పెట్టె కాలిపోయింది. ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి. ట్రాన్స్‌ఫార్మర్ భేషుగ్గా ఉందట. ఎందుకు కాలిందో తెలియదు. కాకి. తాటిపండు.

మునిరత్నానికి ఫోను చేసి, మామయ్యకు మాత్రం చెప్పొద్దన్నాను.

"సారుకు తెల్లారే చెప్పేసినాను మేడమ్" అన్నాడు.

కాఫీ తీసుకుని హాల్లోకి వెళ్లాను. మామయ్య పేపరు మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు, మళ్ళీ దించుకున్నాడు. కాలిన పెట్టె మాట ఎత్తకుండా కాఫీ తాగి, గ్లాసు నా వైపు జరిపి, ఇంకో గ్లాసు తెమ్మన్నాడు. ఆయన రెండో కాఫీ తాగడం ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.